ఉగ్గాని మీద నల్లటిది

"మూడు ఉగ్గాని పార్సిల్ అక్కా. బజ్జీలు వేరేగా కట్టు."

భువన తలెత్తి చూసింది. పొడుగ్గా, సన్నగా ఉన్నాడు. భుజాన నల్ల బ్యాగు. డోన్ స్టేషన్ రోడ్డులో పొద్దున ఏడింటికి మూడు ఉగ్గాని పార్సిల్ కట్టించుకునేవాడెవడు? ఉగ్గాని వేడి మీద తినాలి. పొట్లం కట్టి పది నిమిషాలైతే నానబెట్టి పోపేసిన బొరుగులన్నీ ముద్దయిపోతాయి. ఆ సంగతి సీమలో పాలు తాగే పిల్లలకు కూడా తెలుసు.

"ఎంతమందికప్పా?"

"ఒక్కనికే."

"ఒక్కడివే మూడు తింటావా?"

"పొద్దున ఒకటి, మధ్యాన్నం ఒకటి, రాత్రికొకటి."

భువన వెనక్కి తిరిగి అమ్మను చూసింది. ప్రమీలమ్మ బజ్జీల బాండ్లి దగ్గర్నుంచే "కట్టియ్యి పాపా, ఎవురి ఆకలి వాళ్లది" అంది.

అతను ఆకులో పెట్టిన ఉగ్గాని వైపు వంగి చూశాడు. "పైన ఊరమిరపకాయ లేదా?"

"లేదు. నల్లగా ఉండేటివి ఏవీ పెట్టడం లేదిప్పుడు."

"ఎందుకు?"

"నీకెందుకు?"

అతను పొట్లాలు తీసుకుని ఎదురుగా ఉన్న మేడ మెట్లెక్కి, పైగదిలోకి పోయి తలుపేసుకున్నాడు.

భువనకు అనుమానం పుట్టుకతో వచ్చిన గుణం కాదు. మొన్న జనవరిలో వచ్చింది.

జనవరిలో డోన్‌లో ఒక ఫోటో తిరిగింది. స్టీలు ప్లేటు, అంచు మీద చెక్కించిన "ప్రమీల" అన్న పేరు, మధ్యలో ఉగ్గాని, ఆ ఉగ్గాని మీద నల్లగా, నిగనిగలాడుతూ, కాలు చాపుకుని పడుకున్న ఒకటి. కింద ఎవడో మహానుభావుడు "ప్రమీలమ్మ హోటల్లో బొద్దింక ఉగ్గాని" అని రాశాడు. ఇంకేముంది! వారం తిరక్కుండా ఊరందరి ఫోన్లలోకీ పాకింది బొద్దింక. రైలు దిగి నేరుగా వచ్చేవాళ్లు ఎదురు ఫుట్‌పాత్ మీద నడవడం మొదలుపెట్టారు.

ఆ రోజు నుంచి ప్రమీలమ్మ పోపులో ఆవాలు మానేసింది. ప్లేటుకొకటి చొప్పున పైన పెట్టే ఊరమిరపకాయ మానేసింది. మజ్జిగలో ఊరబెట్టి, మిద్దె మీద ఎండబెట్టి, నల్లగా కరకరలాడేట్టు వేయించే ఆ మిరపకాయ కోసమే వచ్చేవాళ్లుండేవారు. ఇప్పుడు ఉగ్గాని పచ్చగా, బోడిగా ఉంది. నల్లటి చుక్క కనబడితే జనం లేచిపోతారని ఆమె భయం. తోమిన గిన్నెలే మళ్లీ మళ్లీ తోముతుంది.

అదంతా భువన ఓర్చుకునేది. ఓర్చుకోలేనిది ఒక్కటే మాట. "నా కండ్లే సరిగా కనపడలేదేమో పాపా. పడే ఉంటాదేమో" అంటుంది అమ్మ. ఇరవై రెండేళ్లు వండిన చేతులను వేరే ఎవరివో అన్నట్టు చూసుకుంటుంది. ఉగాదికి హోటల్ మూసేసి మైదుకూరులో తమ్ముడింటికి పోదామని తేల్చేసింది కూడా.

అందుకే ఫోనో కెమెరానో పట్టుకున్నవాణ్ని చూస్తే భువనకు ఒళ్లు మండుతుంది.

మూడో రోజూ వచ్చాడు. మళ్లీ మూడు పార్సిళ్లు. బల్ల దగ్గర ఓబుళేశు తాత బజ్జీ కొరుకుతున్నాడు. రైల్వేలో గ్యాంగ్‌మన్‌గా చేసి రిటైరైన మనిషి. ఊరంతా మానేసినా ఆయన మానలేదు.

"ఆ ఫోటో తీసినోడు దొరికినాడా పాపా?" అన్నాడు తాత.

"దొరకనీ తాతా. ఈ బాండ్లిలోనే వాని చెయ్యి ముంచి బజ్జీ వేస్తా."

పొట్లం చేతిలోంచి జారింది కొత్తవాడికి. గబుక్కున పట్టుకున్నాడు.

"ఏమప్పా, నీ పేరేంది?" అంది భువన.

"పరమేష్. నిన్న చిల్లర లేక ఐదు తక్కువిచ్చినా. ఇదో దుడ్లు."

"దుడ్లంటాండావు. ఆదోని దిక్కా, కోసిగి దిక్కా?"

"కోసిగి."

"డోన్‌కెప్పుడొచ్చినావు?"

"వారమాయె. అంతకుముందు ఈ ఊరి మొగమే చూడలేదు."

ఎవరూ అడగని ముక్క ఎందుకు కలిపాడో! భువన దాన్ని మనసులో ముడేసి పెట్టుకుంది. ఇంకొకటి కూడా గమనించింది. మొదటి రోజు "అక్కా" అన్నవాడు, మూడోరోజుకు ఏ వరసా పెట్టి పిలవడం లేదు. దాన్నీ అనుమానించింది, కాకపోతే కొంచెం మెత్తగా.

"ఫుడ్ ఇన్‌స్పెక్టరేమో పాపా. శాంపిల్ తీసుకపోతాండాడు" అన్నాడు ఓబుళేశు తాత, అతను పోయాక.

"ఇన్‌స్పెక్టరైతే డబ్బులెందుకిస్తాడు తాతా?"

ఆ మాట నిజమే అనిపించి తాత ఇంకో బజ్జీ తీసుకున్నాడు.

నాలుగో రోజు బట్టలారేసే వంకతో భువన మిద్దెక్కింది. ఎదురు గది కిటికీ తెరిచి ఉంది. లోపల పరమేష్ ఉగ్గాని ప్లేటు ముందు మోకాళ్ల మీద కూర్చున్నాడు. చేతిలో సిరంజి! సూది లేదు గానీ సిరంజి సిరంజే. దాంతో ఉగ్గాని మీద ఏదో చుక్కలు వేశాడు. తర్వాత కనుబొమ్మలు పీకే చిన్న పట్టకారు తీసి, ఏదో గింజను పట్టుకుని, ఊపిరి బిగబట్టి, మెల్లగా పైన దించాడు.

"దొరికినావురా!" అంది భువన పైకే. చేతిలో తడి టవలు అట్లాగే పట్టుకుని కిందికి దిగి, రోడ్డు దాటి, రెండేసి మెట్లెక్కి తలుపు తోసింది.

"ఏం కలుపుతాండావు మా ఉగ్గానిలో?"

పరమేష్ అదిరిపడ్డాడు. సిరంజిలోది అతని చొక్కా మీదే పడింది.

"శ... శనగనూనె!"

గదిలో ఒక చాప, ఒక స్టూలు. స్టూలు మీద ప్లేటు. దానికటు థర్మాకోల్ ముక్క, ఇటు రేకు అంటించిన అట్ట, వెనకాల మాత్రం మాంచి గంధం అగరుబత్తి వెలుగుతోంది.

"ఉగ్గానికి పూజ చేస్తాండావా?"

"అది ఆవిరి. అంటే... ఆవిరి మాదిరి కనపడ్తాది. వేడిగా ఉన్నట్టు. ఫుడ్ ఫోటోగ్రఫీ నేర్చుకుంటాండా. ఫోన్లో వీడియోలు చూసి. నూనె చుక్కేస్తే మెరుస్తాదంట. చెనిక్కాయ గింజలు చేత్తో వేస్తే గుంపైపోతాయి, అందుకే పట్టకారు."

"ఇది తిను."

"ఆ?"

"కలిపింది నూనే అయితే తిను, నా కండ్ల ముందర."

పరమేష్ ప్లేటు ఒళ్లో పెట్టుకుని తినడం మొదలుపెట్టాడు. చల్లారి, గంధం వాసనేస్తున్న ఆ ముద్దను చివరి గింజ దాకా తిన్నాడు. ప్లేటు వేలితో తుడిచాడు.

"పారేయవా?"

"అన్నం పారేసే ఇంట్లో పుట్టలేదు నేను. మాయమ్మా నాయన ఇప్పుడు గుంటూరు దిక్కు మిరపకోతలో ఉండారు. పరికపట్ట గుడారంలో వండుకోని తింటాంటారు. నేనీడ ఉగ్గాని పారేస్తే కండ్లు పోవా?"

భువన టవలు కొంచెం కిందికి దించింది. "ఏదీ, ఫోటోలు చూపీ."

చూపించాడు. రెండు వందలకు పైనే ఉన్నాయి. ఒకదాంట్లో ఉగ్గాని తడి ఇసుక. ఇంకోదాంట్లో అరటాకు మీద పెట్టాడు, ఆ ఆకు పచ్చదనం అంతా పాకి బొరుగులు కామెర్ల రోగిని తలపించాయి. ఒకదాంట్లో పొగ తప్ప ఏమీ లేదు.

"ఇదేంది?"

"ఇల్లు కాలిపోతాండట్ల ఉండాది, కదా" అన్నాడు దిగులుగా.

భువన నవ్వకూడదనుకుంది. ముక్కులోంచి తన్నుకొచ్చింది. నెల దాటి పది రోజుల తర్వాత అదే మొదటిసారి నవ్వడం. ఆ మాట తనకే గుర్తొచ్చి మళ్లీ మొహం ముడుచుకుంది.

"నువ్వు కెమెరాను దిద్దుతాండావు గానీ వంట సంగతి తెలీదు. బొరుగులు అంతసేపు నానినాక దేవుడొచ్చి తీసినా ముద్దే. ఫోటోకైతే నీళ్లలో ముంచి వెంటనే తీసేయల్ల. రేపటి నుంచి హోటల్లోనే తియ్యి. గిరాకీ లేనప్పుడు. నా కండ్ల ముందర."

"నేర్పిస్తావా?"

"కాపలా కాస్తా."

కాపలా అంటే కాపలానే. ఎనిమిదింటికి తూర్పు కిటికీ పక్క బల్ల మీద వెలుగు పడుతుంది. అది నేరుగా పడితే ప్లేటు కళ్లు చెదిరేట్టు మెరిసేది. అమ్మ తెల్ల వాయిల్ చీర కిటికీకి అడ్డం కట్టాలని భువనకే తోచింది. కట్టేసరికి వెలుగు మెత్తబడి బొరుగులు విడివిడిగా, ఏ గింజకా గింజ కనబడింది. పరమేష్ కెమెరా పట్టుకుని గట్టిగా కేకేశాడు. భువన సంతోషపడబోయి, కేక ఎందుకేశాడా అని అనుమానించింది.

జొన్నరొట్టె తీస్తే దేశపటం వచ్చింది. గుత్తివంకాయకు నూనె ఎక్కువ పూస్తే బూటు పాలిష్ అయింది. అగరుబత్తి పెట్టి తీసిన ఉగ్గాని ఒక రోజు పొరపాటున ఓబుళేశు తాత ముందుకు పోయింది.

"ఏం పాపా, గుళ్లో కూచోని తిన్నెట్ల ఉండాది" అన్నాడాయన, అయినా పూర్తిగా తిన్నాడు.

ప్రేమకథల్లో ఈపాటికి వాన కురవాలి. డోన్‌లో ఫిబ్రవరి నెలలో వాన ఎక్కణ్నుంచి తెచ్చేది? స్ప్రే సీసాతోనే సరిపెట్టుకోవాలి. కొత్తిమీర మీద నీళ్లు చల్లుతుంటే భువన చూద్దామని వంగింది. తుంపరంతా ఆమె మొహం మీద పడింది. రెప్పల మీద నీటి బొట్లతో ఆమె ఉరిమి చూసింది. అతను సారీ చెప్పడం మరచిపోయి చూస్తూ నిలబడ్డాడు.

"ఏంది చూస్తాండావు?"

"వెలుగు బాగా పడింది."

"యాడ?"

"కొ... కొత్తిమీర మీద."

లోపల గిన్నెలు తోముతున్న చప్పుడు ఆగింది. ప్రమీలమ్మ తొంగి చూసి, మళ్లీ తోముకోవడంలో పడింది. ఆ తోమడం చూసినప్పుడల్లా పరమేష్ మొహం మాడిపోతుండేది. ఒకరోజు అడిగాడు.

"మీయమ్మ తోమిండేటివే ఎందుకు తోముతాది?"

భువన చెప్పింది. బొద్దింక సంగతి, కళ్లు కనబడలేదేమో అన్న మాట, ఉగాదికి మూసేయడం, అన్నీ. ఎందుకు చెప్పిందో తనకే తెలియదు. చెప్పాక ప్రాణం తేలికైంది. అతను మాత్రం కాఫీ సగం తాగి, వస్తానని కూడా చెప్పకుండా వెళ్లిపోయాడు. రెండు రోజులు గది తలుపు తెరవలేదు.

మూడో రోజు వచ్చాడు. ఆ పూట అన్నీ కుదిరాయి. చీరలోంచి వడకట్టిన వెలుగు, విడివిడిగా బొరుగులు, పచ్చిమిరప ముక్కలు, వేయించిన వేరుశనగపప్పులు, పక్కన బంగారు రంగు బజ్జీ. కెమెరా వెనక తెరలో చూస్తే నోట్లో నీళ్లూరాయి భువనకు. పరమేష్ భుజానికి భుజం ఆనించి చూస్తోందన్న సంగతి కూడా ఆమె గమనించలేదు. అతను గమనించాడు.

"ఎంత బాగొచ్చింది! ఇంకేం కావల్ల?"

"ఒకటే తక్కువ" అన్నాడు పరమేష్, తెర మీదనుంచి కళ్లు తీయకుండా. "పైన ఊరమిరపకాయ పడితే..."

భువన నవ్వు ఆగిపోయింది. మెల్లగా పక్కకు జరిగింది.

"మొదటి దినమే అడిగినావు ఆ మిరపకాయ."

పరమేష్ తెర మీదికి ఇంకొంచెం వంగాడు.

"ఆ ఫోటో వచ్చినప్పట్నుంచి మేము పెట్టడం లేదు. నువ్వు డోన్‌కొచ్చింది దాని తర్వాతనే అన్నావు. ఈ ఊరి మొగమే చూడలేదన్నావు. మరి మా ఉగ్గాని మీద ఊరమిరపకాయ ఉంటాదని నీకెట్ల తెల్సు?"

అతను కెమెరాను బల్ల మీద పెట్టేశాడు.

"నేనే తీసినా" అన్నాడు.

"ఏంది?"

"ఆ ఫోటో. జనవరిలో ఈడ ఒక పెండ్లి షూటింగుకు వచ్చినా, లైట్లు పట్టుకునే పనికి. పొద్దున మీ ఉగ్గాని తిన్నా. ఇంత రుచి యాడా తినలేదని ఫోటో తీసి నెట్‌లో పెట్టినా. ట్యూబ్‌లైటు కింద, ఫ్లాష్ కొట్టి. అది బొద్దింక కాదు భువనా. మీయమ్మ పెట్టిన ఊరమిరపకాయే. నా చేతకానితనానికి అట్ల కనపడింది. నేను రాసిన మాటలు కోసేసి ఎవురో ఫోటో ఒక్కటే తిప్పినారు. నేను తీసేసేలోగా ఊరంతా పాకింది."

భువన వంటింటి వైపు చూసింది. బొద్దింకే లేదు. ఎప్పుడూ లేదు.

"చెప్పల్లనే వచ్చినా. మొదటి దినమే. నోరు రాలేదు. మూడో దినం నువ్వు ఫోటో తీసినోని చెయ్యి బాండ్లిలో ముంచుతానంటివి. మంచి ఫోటో ఒకటి తీసి, అది చేతికిచ్చి చెప్తామనుకుంటి. అది రాకపాయె. తర్వాత... తర్వాత చెప్తే నిన్ను చూసేకి కుదరదని భయమేసింది."

"నీకు మంచి ఫోటో వచ్చేదాకా మాయమ్మ గిన్నెలు తోముతా ఉండల్లనా?" అంది భువన. "కండ్లు పోయినాయనుకుంటాండాది రా ఆమె! ఒక్క మాట! ఒక్క మాట చెప్పింటే ఆపొద్దే నిద్రపోయేది. నువ్వు ఈడనే కూచోని, ఆమె చేతి ఉగ్గానే తింటా, నోరు మూసుకోనుంటివి!"

చెంపలు తడిసిపోయాయి. ఈసారి స్ప్రే సీసా నీళ్లు కావు. అతని మీద నమ్మకం కుదిరిన రోజే ఇట్లా కావాలా అని ఆమె ఏడుపు.

"పో. లోపలికి పోయి నువ్వే చెప్పు. నేను చెప్పను."

పరమేష్ వంటింట్లోకి నడిచాడు. మెడ వంచుకుని మొత్తం చెప్పాడు. ప్రమీలమ్మ మసిగుడ్డతో చేతులు తుడుచుకుంది.

"ఆ ఫోటో ఉండాదా నీ తాన?"

అసలుది, పెద్దది, ఫోన్లో తీసి చూపించాడు. ఆమె కళ్లద్దాలు పెట్టుకుని, వేళ్లతో పెద్దది చేసి, దగ్గరికి పట్టుకుని చూసింది. ఊరంతా చూసిన ఆ ఫోటోను ఆమె ఇంతవరకూ భయపడి సరిగా చూడనేలేదు.

"కాలు కాదిది" అంది. "తొడిమె. పాపా, ఇది తొడిమె! నేను వేయించిన కాయే ఇది!"

నేల మీదే చతికిలబడి నవ్వింది. నవ్వుతూనే కళ్లు ఒత్తుకుంది. తర్వాత లేచి, చేతికందిన ఉగ్గాని గరిటెతో పరమేష్ భుజం మీద ఒక్కటిచ్చింది.

"మిరపకోతకు పోయే ఇంట్లో పుట్టినావు గదరా! మిరపకాయను బొద్దింకను చేస్తావా?"

"తప్పయిపోయిందమ్మా."

"అయింది. పాపా, అటక మీద జాడీ దించు."

బాండ్లిలో ఊరమిరపకాయలు పడ్డాయి. ఆ ఘాటు స్టేషన్ రోడ్డు చివరిదాకా పోయి పలకరించింది. దగ్గుకుంటూ ఓబుళేశు తాత వచ్చేశాడు. పరమేష్ ఉగ్గాని సర్ది, పైన కాయ పెట్టి, కెమెరా ఎత్తాడు. మళ్లీ దించాడు. వెలుగు ఎంత మంచిదైనా, నల్లటి కాయ ఇంకా కొంచెం అనుమానంగానే ఉంది.

అంతసేపూ గోడకానుకుని నిలబడ్డ భువన అక్కణ్నుంచే అంది. "విరువు."

"ఏందీ?"

"కాయను మధ్యకు విరువు. గింజలు కనపడల్ల. బొద్దింకకు మిరపగింజలుంటాయా?"

విరిచాడు. తీశాడు. అదే మధ్యాహ్నం రెండు ఫోటోలూ పక్కపక్కన పెట్టి, తన పేరూ ఊరూ రాసి లోకం మీద వదిలాడు. "ఈ రెండూ తీసింది నేనే. రెండింట్లో ఉండేది ప్రమీలమ్మ వేయించిన ఊరమిరపకాయే. మొదటిది తీసినప్పుడు నాకు ఫోటో తీయడం రాదు. తప్పు నాది, ఆమెది కాదు." జనం తిట్టారు, నవ్వారు. పరమేష్ అన్నిటికీ జవాబు రాశాడు. తర్వాత నాలుగు రోజులు హోటల్ గడప దగ్గర నిలబడి, వచ్చిన ప్రతివాడికీ "ఆ ఫోటో తీసినోణ్ని నేనే" అని చెప్పి, అందరి ముందర ఒక కాయ కరకరా నమిలాడు. ఆదివారానికి రైలు దిగిన కుర్రాళ్లు వచ్చి "మాకు బొద్దింక మిరపకాయ పెట్టండి" అని అడిగారు. ప్రమీలమ్మ ఆవాలు కూడా వేసింది.

భువన మాత్రం మాట్లాడలేదు. ఆ కుర్రాళ్లు పోయాక బల్ల తుడుస్తూ, అతని వైపు చూడకుండా అడిగింది.

"ఇంకేమైనా దాచినావా?"

"ఒకటుండాది."

గుడ్డ ఆగింది. "నాకు తెల్సు. ఉంటాదని తెల్సు. చెప్పు."

"నాకు ఉగ్గానంటే విసుగొచ్చేసింది. నెల దినాలు మూడు పూటలా చల్లారింది తిన్నా. ఇప్పుడు దాని మొగం చూసేకి బుద్ధి కాదు. ఫోటో పని కూడా అయిపాయె." ఒక్క క్షణం ఆగాడు. "అయినా దినాము వస్తాండా. ఎందుకో నువ్వే అనుమానపడు."

భువన చెవులు ఎర్రబడ్డాయి. ఇన్నాళ్లూ లేని అనుమానాలన్నీ పడ్డ మనిషి, ఉన్నదొక్కటీ పడలేకపోయింది. తుడిచిన బల్లే మళ్లీ తుడిచింది.

లోపల్నుంచి ప్రమీలమ్మ కేకేసింది. "పరమేషా, మీయమ్మా నాయన కోతల నుంచి ఎప్పుడొస్తారు?"

"ఉగాదికొస్తారమ్మా."

"వచ్చినాక ఈడికి పిలుచుకోని రా. హోటల్ తెరిచే ఉంటాది."

"ఎందుకమ్మా?" అంది భువన ఉలిక్కిపడి.

"నీకు అన్నింటికీ అనుమానమే పాపా. వాడు తినలేదు పొద్దున్నించి. పెట్టియ్యి."

భువన ప్లేటు తీసుకుంది. ఉగ్గాని వడ్డించింది, పొగలు కక్కుతోంది. ప్లేటుకు ఒక ఊరమిరపకాయ ఆ హోటల్ లెక్క. ఒకటి పెట్టింది. అతని వైపు చూసింది. రెండోదీ పెట్టి ముందుకు తోసింది.

"విసుగంటివి కదా. తింటావా?"

పరమేష్ చెయ్యి అలవాటుగా కెమెరా మీదికి పోయింది. భువన కెమెరాను పక్కకు లాగేసి, ఎదురుగా కూర్చుంది. అతను ఆ ప్లేటును ఫోటో తీయలేదు. వేడి మీదనే తిన్నాడు.